ధర్మరాజు కుక్కని విమానంలో తెప్పించుకోలేదు: డల్లాస్ తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఒకదాంట్లో నేను పదమూడేళ్లుగా ఉంటున్నాను. సొంతూరు తెనాలి. ఆరేళ్లుగా ప్రతి శనివారం పొద్దున దిక్కులేని జంతువుల్ని చేరదీసి దత్తత ఇచ్చే మా ఊరి యానిమల్ షెల్టర్‌లో వాలంటీరుగా పనిచేస్తున్నాను. గొప్ప పనేమీ కాదు. గదులు కడగడం, గిన్నెల్లో నీళ్లు మార్చడం, కుక్కల్ని ఒక్కోదాన్ని పావుగంట సేపు బయట తిప్పి తీసుకురావడం. మీలో కొందరికి నేను ముఖపరిచయం ఉన్నదాన్నే. వనభోజనాల్లో పులిహోర దగ్గర గరిటె పట్టుకుని నిలబడేది నేనే.

మొన్న పండగ సభలో వేదిక మీద ఒక ప్రకటన చేశారు. ఇండియా వీధుల్లో అల్లాడుతున్న కుక్కల్ని ఇక్కడికి తెప్పించి తెలుగు కుటుంబాలకు దత్తత ఇప్పిస్తామని, అందుకు విరాళాలు కావాలని. తెర మీద పప్పీల ఫొటోలు వేశారు. మాట్లాడినాయన చివర్లో ధర్మరాజుని తలుచుకున్నారు, కుక్కని బయట వదిలేసి స్వర్గంలోకి రానన్నాడని. చప్పట్లు బాగా పడ్డాయి. అలవాటుకొద్దీ నేనూ కొట్టాను. కారెక్కాక తట్టింది. ఆ కుక్క ధర్మరాజు వెనకాల తన కాళ్లతో తానే నడిచి వచ్చింది. పక్కన ఉన్న కుక్కని వదలనన్నాడు ఆయన. ఎక్కడినుంచో తెప్పించుకోలేదు.

ఆ రాత్రే రాద్దామనుకున్న ఉత్తరం ఇది. కోపం తగ్గాక రాస్తున్నాను కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి చెప్పేస్తాను. మీరు చేద్దామంటున్న పని 2019లో నేనొకసారి చేశాను.

తెనాలిలో మా అమ్మ ఉండే వీధిలో ఒక కుక్క ఉండేది. ఎర్రటి ఒళ్లు, తోక చివర తెలుపు. ఎడమ చెవి కొస కత్తిరించి ఉండేది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. వాడికి యజమాని లేడు గానీ దిక్కులేనివాడు మాత్రం కాదు. పొద్దున టీకొట్టు దగ్గర రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం మా ఇంట్లో పెరుగన్నం, ఎండ వేళ ఎదురింటి మెట్ల కింద నిద్ర. రాత్రయితే వీధి మొత్తానికి వాడే కాపలా. ఆ వేసవిలో నేను వెళ్లేసరికి స్కూటర్ తగిలి కుంటుతున్నాడు. నాలుగు వారాలు నా చేత్తో మందు వేశాను. తిరుగు ప్రయాణం రోజు దగ్గరపడేసరికి వాణ్ణి వదిలి రాలేకపోయాను. బుజ్జిగాడు అని పేరు పెట్టింది కూడా నేనే. అంతవరకూ ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో పేరుతో పిలిచేవాళ్లు.

టీకాలు, మైక్రోచిప్, ఆరోగ్య ధ్రువపత్రాలు, ఎయిర్‌లైన్స్ వాళ్ల కొలతకు తగ్గ బోను, టికెట్టు, అన్నీ కలిపి 2,800 డాలర్ల దాకా తేలింది. ఇప్పుడున్న నిబంధనలు రాకముందు మాట అది.

ఇక్కడికి వచ్చాక పది రోజులు సోఫా వెనక నుంచి బయటికి రాలేదు. లిఫ్ట్ తలుపు చప్పుడైతే వణికిపోయేవాడు. పుట్టి బుద్ధెరిగాక మెడకి తాడు ఎరగని కుక్క. బెల్టు వేసి లాగితే నేలకి కరుచుకుపోయేవాడు. మూడో వారంలో ఒకరోజు తలుపు ఓరగా ఉందని బయటికి దూకాడు. పదకొండు గంటలు వెతికితే ఆరు లేన్ల రోడ్డు పక్కన వాన నీళ్ల తూములో దొరికాడు. ఆ మరుసటి నెల జ్వరం, ముక్కులోంచి రక్తం. పిడుదుల వల్ల వచ్చే జబ్బు, ఒంట్లో పెట్టుకునే వచ్చాడు. మందులకి, రక్తపరీక్షలకి ఎంతయిందో ఇప్పటికీ మా ఆయనకి పూర్తిగా చెప్పలేదు. ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు బాగున్నాడు. నేను ఇది రాస్తుంటే కాళ్ల దగ్గర గురక పెడుతున్నాడు. వాణ్ణి తెచ్చుకున్నందుకు నాకేం విచారం లేదు. కానీ మళ్లీ ఆ పని చేయమంటే చేయను. ఇక్కడ వాడు పడ్డ పాట్లు ఒక ఎత్తు, తరవాత అమ్మ ఫోన్లో చెప్పింది ఒక ఎత్తు. బుజ్జిగాడు వచ్చేసిన రెండు నెలల్లో వీధిలోకి మూడు కొత్త కుక్కలు చేరాయి. ఎందుకు చేరవు? టీకొట్టు అక్కడే ఉంది, పెరుగన్నం అక్కడే ఉంది, తరిమేవాడే లేడు. వాటిలో ఒక్కదానికీ ఆపరేషన్ కాలేదు. మరుసటి ఏడు మా వీధిలో ఏడు పిల్లలు పుట్టాయి. అంటే 2,800 డాలర్లు ఖర్చుపెట్టి తెనాలిలో కుక్కల సంఖ్య పెంచాను. 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలైనా, వాటి స్థానంలో 2023లో వచ్చినవైనా, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కని పట్టుకున్న చోటే వదలమని ఊరికే అనలేదు. వాడున్నంతకాలం కొత్తవాళ్లని రానివ్వడు.

ఇక నిబంధనలు. మీ ప్రకటనలో ఆ ఊసే రాలేదు కాబట్టి కాస్త విడమరిచి చెప్పాలి.

కుక్కల నుంచి కుక్కలకి పాకే రకం రేబిస్ అమెరికాలో లేదని 2007లో ప్రకటించారు. గబ్బిలాల్లో, స్కంకుల్లో, రకూన్లలో తిరిగేది ఇంకా ఉంది, అవి వేరే రకాలు. మన దేశం సంగతి వేరు. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో 36 శాతం భారతదేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, అదే సీడీసీ, మన దేశాన్ని ఎక్కువ ప్రమాదం ఉన్న దేశాల జాబితాలో పెట్టింది. ఇందులో చిన్నచూపు ఏమీ లేదు. ఈజిప్టు నుంచి వచ్చిన కుక్కల్లో 2015లో, 2017లో, 2019లో రేబిస్ బయటపడింది. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి 33 కుక్కలు, ఒక పిల్లి షికాగోలో దిగాయి. అన్నీ దయతో కాపాడి తెచ్చినవే. వాటిలో ఒకటి పెన్సిల్వేనియాలో ఒక ఇంటికి చేరిన కొద్ది రోజులకే జబ్బుపడింది. రేబిస్. టీకా వేసినట్టు కాగితాలతోనే వచ్చింది. మిగతావి అప్పటికే వేరే వేరే రాష్ట్రాలకి వెళ్లిపోయాయి. ఒక్కోదాని ఆచూకీ తీయాలి, ముట్టుకున్న మనుషుల్ని వెతకాలి, వాళ్లకి ఇంజెక్షన్లు వేయించాలి. అంతకు ముందు 2020లో సరైన కాగితాలు లేకుండానో, దొంగ కాగితాలతోనో 450కి పైగా కుక్కలు వచ్చాయి.

దాంతో 2021 జులై 14 నుంచి ఇండియాతో సహా వందకి పైగా దేశాల నుంచి కుక్కల రాకని ఆపేశారు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఏ దేశం నుంచి వచ్చినా కుక్కకి ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. ఇండియాలో టీకా వేయించిన కుక్క అయితే ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన కాగితం కావాలి. మొదటి టీకా వేసిన ముప్పై రోజులకి గానీ రక్తం తీయకూడదు. ఆ రక్తం గుర్తింపు పొందిన ల్యాబ్‌లో టీకా పనిచేసిందని తేల్చే పరీక్ష పాస్ కావాలి. రక్తం తీశాక కనీసం 28 రోజులు ఆగాలి. ఆ పరీక్ష లేకపోతే ఇక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మనదే. దిగడం కూడా ఎక్కడపడితే అక్కడ కుదరదు. సీడీసీ నమోదు చేసిన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న ఎయిర్‌పోర్టులోనే దిగాలి. 2024లో ఈ నిబంధన వచ్చినప్పుడు అలాంటివి ఆరు: న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలెస్, అట్లాంటా, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్. పేరు దగ్గరగా ఉంది గానీ డల్లెస్ వేరు, డల్లాస్ వేరు.

ఇప్పుడు మీరు తెర మీద వేసిన ఫొటోలు గుర్తు చేసుకోండి. అన్నీ నెలన్నర, రెండు నెలల పిల్లలు. వాటిలో ఒక్కటి కూడా ఆ వయసులో ఇక్కడికి రాదు. ఆరు నెలలు దాటాక వస్తుంది. కుక్కపిల్ల ప్రపంచాన్ని నేర్చుకునే మొదటి నెలలు ఏ బోర్డింగ్ గదిలోనో గడిచిపోయి ఉంటాయి. ఫొటో చూసి డబ్బులిచ్చిన కుటుంబానికి సోఫా వెనక దాక్కునే ఇంకో బుజ్జిగాడు చేరతాడు. కెనడాలో ఉన్న మీ శాఖలవాళ్లని కూడా అడిగి చూడండి. అక్కడ 2022 సెప్టెంబర్ 28 నుంచి ఇలాంటి దేశాల కుక్కల్ని దత్తత కోసం తెప్పించడం కూడా వ్యాపారపు దిగుమతి కిందే లెక్కగట్టి ఆపేశారు.

అయినా కాగితాలు ఒక అడ్డంకి మాత్రమే. కష్టపడితే దాటొచ్చు. నా అభ్యంతరం అది కాదు. మా షెల్టర్‌లో 41వ నంబరు గది అసలు సంగతి.

అందులో ఒక నల్ల కుక్క ఉంది. నాలుగేళ్లు ఉంటాయి, పెద్ద తల, ఛాతీ మీద తెల్లటి మచ్చ. ఏ జాతి అంటే ఎవరూ చెప్పలేరు, కార్డు మీద మాత్రం మిక్స్ అని రాశారు. వీణ్ణి పెంచినవాళ్లు మారిన అపార్ట్‌మెంట్‌లో యాభై పౌండ్లు దాటిన కుక్కని ఒప్పుకోరట, అందుకని తెచ్చి వదిలిపెట్టారు. మొదటి శనివారం గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను అలవాటులో తెలుగులో మాట్లాడుతూ నేల కడుగుతుంటే చెవులు ఇటు తిప్పాడు. ఇప్పుడు "రా నాన్నా" అంటే తోకతో గోడ మోగిస్తాడు. వాడి పక్కన 40లో ఒకటి, ఎదురుగా మూడు, అన్నీ ఇలాంటివే. చిన్న కుక్కలు, పప్పీలు వారం కూడా ఉండవు, పోతాయి. మిగిలేది పెద్దవి, నల్లవి, వయసు మళ్లినవి.

2024లో ఈ దేశం మొత్తం మీద షెల్టర్లలోకి 58 లక్షల కుక్కలు, పిల్లులు వచ్చాయి. 42 లక్షలకి ఇళ్లు దొరికాయి. 6 లక్షల పైచిలుకుని ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. అందులో సగానికి పైగా, 3 లక్షల 30 వేల దాకా కుక్కలే. ఈ చంపే లెక్కల్లో టెక్సస్ ముందు వరసలోనే ఉంది. ఇక్కడ చోటు చాలక వ్యాన్లలో ఎక్కించి ఉత్తరాది రాష్ట్రాలకి పంపుతుంటారు. మన ఇంటి నుంచి పది నిమిషాల దూరంలో కుక్కల్ని బయటికి పంపుతుంటే మనం పదమూడు వేలకి పైగా కిలోమీటర్ల అవతల నుంచి లోపలికి తెద్దామంటున్నాం.

మనవాళ్లు షెల్టర్‌కి రారని కాదు. వస్తారు. "గోల్డెన్ ఉందా అండీ?" అని అడుగుతారు, గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్క అన్నమాట. లేదంటే వెళ్లిపోతారు. కొందరు ఇంకో పని మీద వస్తారు, చెప్పడానికే మనసొప్పదు. ఉద్యోగం పోయింది, వీసాకి అరవై రోజులే గడువు, ఇండియా వెళ్లిపోవాలి, ఈ హస్కీని ఏం చేయాలో తెలియట్లేదు అని. అలా వచ్చిన ఒక పిల్లాడు కౌంటర్ దగ్గర ఏడుస్తుంటే నేనే టిష్యూలు అందించాను. వాళ్లని తప్పుపట్టను. మంచులో తిరగాల్సిన కుక్కని టెక్సస్ ఎండలో ఎందుకు కొన్నారని మాత్రం మనసులో అనుకున్నాను.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. హైదరాబాద్‌లో మనవాళ్లకి హస్కీ కావాలి, డల్లాస్‌లో మనవాళ్లకి ఊరకుక్క కావాలి. 2025 ఆగస్టు 17న హైదరాబాద్ నగరపాలక సంస్థవాళ్లు బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల్ని దత్తత ఇచ్చే మేళా పెట్టారు. అదే నెల 22న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల కేసులో, వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమన్న తన ముందు ఆదేశాన్ని సడలించింది. పిచ్చి పట్టినవి, కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక వాటి చోటికే వదలమంది. వీధికుక్కని పెంచుకోదలచినవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఒకసారి తీసుకున్నాక మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని చెప్పింది. అంటే అక్కడి కుక్కకి అక్కడే ఇల్లు చూపించే దారి ఉంది. మీ అన్నయ్యకో, మేనకోడలికో ఒక ఫోన్ చేస్తే అయ్యే పని.

మీ ఉద్దేశం మంచిదే. నడుం పడిపోయి ఈడ్చుకుంటూ తిరిగే కుక్క, కళ్లు లేని కుక్క అక్కడ వీధిలో బతకలేదు, పెంచుకునేవాళ్లు అక్కడ దొరక్క దూరదేశంలో దొరికితే, అన్ని పరీక్షలూ చేయించి పంపితే, నేనెందుకు అడ్డం చెబుతాను? అలాగే ఎవరైనా సొంత కుక్కతో ఇక్కడికి వలస వస్తే అదీ వేరు, పెంచినదాన్ని వదిలేసి రమ్మని అనను. నేను వద్దంటున్నది వీధిలో సుఖంగా ఉన్నదాన్ని కూడా జాలి పేరుతో విమానం ఎక్కించే ఈ పథకాన్ని.

ఆ డబ్బు ఇండియాకే పంపాలని ఉంటే నేరుగా పంపండి. తెనాలిలో ఆ ఏడు పిల్లలు పెరిగాక మా అమ్మ, టీకొట్టు బాబాయి కలిసి అన్నిటికీ ఆపరేషన్లు చేయించారు. పట్టుకెళ్లడం, ఆపరేషన్, నాలుగైదు రోజులు ఉంచుకుని చూడటం, రేబిస్ టీకా, అన్నీ కలిపి ఒక్కోదానికి 1,700 రూపాయలైంది. బుజ్జిగాడి ప్రయాణం ఖర్చుతో వందకి పైగా కుక్కలకి ఆ పని జరిగేది. ఒక ప్రాంతంలో కుక్కల్లో నూటికి డెబ్భైకి టీకా పడితే అక్కడ రేబిస్ పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గోవాలో ఏళ్లతరబడి ఇదే పట్టుదలతో చేశారు. 2021లో రేబిస్ అదుపులోకి వచ్చిన ప్రాంతంగా ప్రకటించుకున్న మొదటి రాష్ట్రం అదే. మన సంఘాలకి గుంటూరు, వరంగల్, విశాఖల్లో గుళ్లు, బళ్లు బాగుచేయించిన అనుభవం ఉంది. ఒక ఊరు తీసుకుని మూడేళ్లు ఈ పని చేయించలేరా? కుక్క కాటుతో ఆస్పత్రికి పరిగెత్తే పిల్లలకీ అదే మేలు, కుక్కలకీ అదే మేలు.

ఇక్కడి షెల్టర్ కుక్క అనగానే మనవాళ్లు చెప్పే కారణాలు నాకు తెలుసు. మేం శాకాహారులం అంటారు. షెల్టర్ వాళ్లు ఇచ్చే ఎండు గుళికలు డబ్బాలోంచి గిన్నెలో పోయడమే, మీ వంటగదిలోకి ఏదీ రాదు. అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉంటారు, మడి అంటారు. మా అత్తగారు మొదటి నెల బుజ్జిగాడి వైపు చూడలేదు. ఇప్పుడు వీడియో కాల్‌లో నాకంటే ముందు వాణ్ణి చూపించమంటారు. అయినా ఒప్పుకోని పెద్దవాళ్లు ఉంటారు, వాళ్ల ఇంట్లో కుక్క వద్దు, అంతే. అయిదు వారాలు ఇండియా వెళితే ఎవరు చూస్తారు అనేది మాత్రం నిజమైన ఇబ్బంది. దానికి సంఘమే జవాబు కాగలదు. ఎవరు ఎప్పుడు వెళుతున్నారో చూసుకుని ఒకరి కుక్కని ఒకరు చూసుకునే పట్టిక ఒకటి పెట్టుకుంటే చాలు. సంక్రాంతికి ముగ్గుల పోటీల జాబితా మీరు ఎంత పకడ్బందీగా వేస్తారో నేను చూశాను.

వీసా సంగతి తేలని కుటుంబాలు అసలు దత్తత తీసుకోనక్కర్లేదు. ఫాస్టర్ చేయొచ్చు. మూడు వారాలో, రెండు నెలలో ఇంట్లో పెట్టుకోవడం. మా షెల్టర్‌లో తిండి, మందులు, బోను వాళ్లే ఇస్తారు. శాశ్వతంగా ఇల్లు దొరికాక తిరిగి ఇచ్చేయడమే. ఆ కొన్ని వారాలు ఒక గది ఖాళీ అవుతుంది, అందులోకి ఇంకో కుక్క వస్తుంది. పిల్లలకి కుక్క సరిపడుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. హైస్కూల్ పిల్లలకి వాలంటీరు గంటలు కావాలని మీరు ప్రతి ఏడూ తిప్పలు పడతారు. కుక్కకి కథ చదివి వినిపిస్తే గంటలు ఇచ్చే చోటు ఇంకెక్కడుంది? భయపడే కుక్కల గదుల ముందు పిల్లలు కూర్చుని గట్టిగా చదువుతారు, కుక్కలు గొంతుకి అలవాటు పడతాయి. తెలుగు బడి వాచకం తెచ్చుకున్నా పనికొస్తుంది, 41లో వాడికి తెలుగు వచ్చు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఆ విరాళాల ప్రకటన వెనక్కి తీసుకోండి. ఇప్పటికే ఇచ్చినవాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే ఆ సొమ్ము అక్కడి ఆపరేషన్లకి మళ్లించండి, కాదంటే తిరిగి ఇచ్చేయండి. ఉగాది మేళాలో చీరల స్టాళ్ల పక్కన షెల్టర్‌కి ఒక టేబుల్ ఇవ్వండి, అద్దె అడగకండి. కుక్కల్ని అంత గోలలోకి తీసుకురానులెండి, ఫొటోలే తెస్తాను. అంతకు ముందు మీలో ఇద్దరైనా ఒకసారి షెల్టర్‌కి వచ్చి చూడండి. శనివారం ఎనిమిదింటి నుంచి పదకొండింటి దాకా నేను అక్కడే ఉంటాను. పాత చెప్పులు వేసుకుని రండి, నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

ఇట్లు,
తెనాలి ఆడపడుచు, శనివారం షిఫ్టు